ఖరీదైన తుపాకీకి కుట్టిన గలీబు

హేతువాదికి అవమానం రెండు విధాలుగా జరగవచ్చు. ఎవరైనా మూఢుడు వాదంలో ఓడించడం ఒకటి. అది నాకింతవరకూ జరగలేదు, లేదా జరిగినట్టు నేను గమనించలేదు. రెండోది, ఎవరూ వాదించకుండానే, సూదీ దారం పట్టుకుని తన అవమానాన్ని తానే కుట్టుకోవడం. అది జరిగింది. ఐర్లండులోని కెర్రీ కౌంటీలో, నలుగురు మనుషుల, నలభై గొర్రెల ఎదుట జరిగింది. ఆ సాక్షుల్లో గొర్రెలు మాత్రమే ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మిగతావాళ్లు చెప్పడం మానేలా లేరు కనుక నేనే ముందుగా రాసేస్తున్నాను.

నేను అక్కడ ట్రాలీ అనే ఊరి దగ్గర వైద్య పరికరాలు తయారుచేసే కర్మాగారంలో నాణ్యత చూసే ఇంజనీరును. ఎవరేం చెప్పినా "ఆధారం ఏది?" అని అడగడమే నా ఉద్యోగం. ఉద్యోగం రాకముందు అదే నా వ్యసనం. ఒంగోలులో కాలేజీ రోజుల్లో సంఘసంస్కరణ చర్చావేదికల్లో పెరిగిన వాణ్ణి. అక్కడ మాకు నేర్పిన మొదటి పాఠం, ఎదుటివాడు వాక్యం పూర్తిచేసేలోగా అందులో తప్పు పట్టుకోవాలని. రెండో పాఠం ఏమిటో నాకు తెలియదు. బహుశా వాక్యం పూర్తయ్యాక చెప్పి ఉంటారు.

వాస్తు మీద రాశాను, ముహూర్తాల మీద రాశాను, కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే తెలుగువాళ్ల మీద ఐర్లండులో కూర్చుని రాశాను. మాది రిజిస్టరు పెళ్లి. "ఏమండీ" అనే పిలుపును ఆ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లమీదే రద్దు చేశాం. నా భార్య వసుంధర నన్ను ప్రభాకర్ అనే పిలుస్తుంది. ఈ కథలో ఆ పేరును ఆమె ఏయే స్వరాల్లో పలికిందో రాతలో చూపడం నా వల్ల కాదు.

ఇక తుపాకీ దగ్గరికి వస్తాను.

మా ఇంటికి అడ్డదారికి అవతల డోనల్ అనే రైతు ఉన్నాడు. డెబ్భై దాటాయి. గొర్రెలు కాస్తాడు. కళ్లు మందగించి తన తుపాకీని ఎప్పుడో వదిలేశాడు. ఆయన పొలం మధ్యలో ఒంటరి ముళ్లచెట్టు ఒకటి ఉంది. అది దెయ్యాలదట, నరకకూడదట. దాని మీద నేను ఆయనకు అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, "నేనూ నమ్మను. అయినా నరకను" అన్నాడు. ఇలాంటి వాళ్లతో చర్చ ఎలా చేస్తారో మాకు నేర్పలేదు.

అలాంటి మనిషి ఒక రోజు గేటు మీద మోచేతులు ఆనించి, "నక్క పోయిన ఏడాది నా గొర్రెపిల్లల్ని తీసుకుపోయింది. నువ్వూ నీ స్నేహితుడూ క్లబ్బులో కాల్చడం నేర్చుకుంటున్నారట కదా. నాకొకడు కావాలి" అన్నాడు.

పదకొండేళ్లుగా ఆ ఊళ్లో ఉన్నాను. పని, పన్ను, వాన గురించి పలకరింపు తప్ప, ఎవరూ నన్ను ఏ అక్కరకూ అడగలేదు. మొదటిసారిగా ఒక మనిషి "కావాలి" అన్నాడు. నాకు లోపల ఏదో కదిలింది. హేతువాదిని కనుక అది ఏ అవయవమో చెప్పలేను.

స్నేహితుడంటే శీను. మా కర్మాగారంలోనే పని, వరంగల్ వాడు. నా కంటే ఎనిమిదేళ్లు చిన్న, కాబట్టి నన్ను అన్నా అంటాడు. అన్నా అంటూనే పరువు తీస్తాడు.

ఈ దేశంలో తుపాకీ లైసెన్సు కావాలంటే ఎక్కడ కాలుస్తావో చూపించాలి. భూమి ఉన్నవాడి అనుమతి ఉత్తరం కావాలి. డోనల్ మా ఇద్దరికీ చెరో ఉత్తరం రాసిచ్చి షరతు పెట్టాడు.

"మార్చిలో గొర్రెలు ఈనడం మొదలవుతుంది. అప్పటికి ఎవరి గురి కుదిరితే వాడికే పని. ఇద్దరు మనుషులు రెండు తుపాకులతో నా గొర్రెల మధ్య తిరగడం నాకు ఇష్టం లేదు. రెండోవాడి ఉత్తరం వెనక్కి తీసుకుంటాను."

"ఆ రెండోవాడు శీను" అనుకున్నాను నేను. పాపం అని కూడా అనుకున్నాను.

*

తుపాకులమ్మే దుకాణం నోరీన్ అనే ఆవిడది. అరవై ఏళ్లుంటాయి. బల్ల మీద రెండు రైఫిళ్లు పక్కపక్కన పెట్టింది. రెండూ ఒకే రకం తూటా కాల్చేవే. ఒక్కో గుండుకూ చేత్తో గడియ వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోయాలి.

"ఇది చవకది. కట్టె కాదు, ప్లాస్టిక్. గడియ కాస్త గరుకు. ఇది ఖరీదైనది. వాల్‌నట్ కట్టె. గడియ లాగి చూడండి."

లాగాను. నేతిలో వేలు పెట్టినట్టు జారింది. చవకదాన్ని కూడా లాగాను. పాత బస్సులో గేరు మార్చినట్టుంది.

"ఖరీదైనది ఎక్కువ సూటిగా కాలుస్తుందనడానికి ఆధారం ఏమిటి?" అన్నాను.

"కాలుస్తుందని నేననలేదే. నక్కకు రెండూ ఒకటే. అది ధర అడగదు."

"ఇగ అయిపాయె" అన్నాడు శీను. "నాకు గిదే సాలు. అన్నా, నువ్వు సుత గిదే తీస్కో. మనమేమన్న ఒలింపిక్స్ పోతున్నమా?"

"తొందరపడకు శీనూ. విచారించాలి."

నోరీన్ ఒక సన్నని కాగితం ముక్క తీసి, రైఫిలు గొట్టానికీ దాని కింద కట్టెకూ మధ్యన దూర్చింది. కాగితం ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఎక్కడా తగలకుండా జారింది. "రెండింటిలో ఏది కొన్నా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇదిగో ఈ సందు చూశారా, ఇది ఎందుకంటే..."

ఆవిడ వాక్యం పూర్తికాలేదు. నాకు మొదటి పాఠం గుర్తొచ్చింది.

"ఆగండి" అన్నాను. "ఒక సందు చూపించి ధర పెంచడం వ్యాపారంలో పాత పద్ధతి. మా దేశంలో ఉంగరంలో రాయికి కింద సందు ఉండాలంటారు, రాయి చర్మానికి తగిలితేనే గ్రహం పనిచేస్తుందంటారు..." అక్కణ్ణుంచి జాతిరాళ్లు, అక్కణ్ణుంచి గ్రహాలు, అక్కణ్ణుంచి మనిషి భయాన్ని సొమ్ముచేసుకునే వ్యవస్థల మీదికి వెళ్లాను. బాగా మాట్లాడాను. శీను దుకాణంలోని రబ్బరు బూట్లన్నీ ఒక్కొక్కటే తొడిగి చూశాడు.

నేను ఆగాక నోరీన్ కాగితం ముక్క మడిచి జేబులో పెట్టుకుంది. "టీ తాగుతారా?" అంది.

ఇంటికొచ్చి పట్టిక గీశాను. ఇరవై మూడు గళ్లు. బరువు, గడియ, కట్టె, విడిభాగాలు, అన్నిటికీ మార్కులు. చవకది గెలిచింది. పట్టికలో ఏదో లోపం ఉందని నాకు వెంటనే అర్థమైంది. మరి కొన్ని గళ్లు చేర్చాను. "దీర్ఘకాలిక తృప్తి" అని ఒకటి, "చేతికి అందే అనుభూతి" అని ఒకటి. ముప్పై ఒకటో గడి దగ్గర ఖరీదైనది గెలిచింది. అక్కడ ఆపాను.

వసుంధర నా భుజం మీదుగా చూసింది. ఆమె ట్రాలీ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. అంకెలను చూసి మోసపోయే మనిషి కాదు.

"నీకు కావలసింది గెలిచేదాకా కొలిచావు కదా ప్రభాకర్."

"పద్ధతిని మెరుగుపరిచాను."

"ముహూర్తాలు పెట్టేవాళ్లూ ఇంతేగా. ఫంక్షన్ హాలు ఖాళీగా ఉన్న రోజుకే దివ్యమైన లగ్నం కుదురుతుంది."

ఆ మాట నేను విననట్టు నటించాను. మర్నాడు ఖరీదైనదానికి బయానా ఇచ్చాను. శీను చవకది తీసుకున్నాడు.

ఇక్కడ లైసెన్సు మనిషికే కాదు, ఫలానా నంబరున్న ఫలానా తుపాకీకి. దరఖాస్తులో ఆ నంబరు రాయాలి. తర్వాత మనసు మారితే మొదటినుంచీ రావాలి. దరఖాస్తు పెట్టిన కొన్నాళ్లకు తుపాకీ దాచే ఇనప్పెట్టె గోడకు సరిగ్గా బిగించానో లేదో చూడ్డానికి పోలీసు, ఇక్కడివాళ్ల మాటలో గార్డు, ఒకాయన ఇంటికొచ్చాడు. మెట్లకింద పెట్టె చూపించాను.

"దాని మీద ఆ పూలదుప్పటి ఏమిటి?"

"దుమ్ము పడకుండా."

"లోపల తుపాకీ ఉందా?"

"ఇంకా రాలేదు. ఖాళీ."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత వసుంధర వైపు చూశాడు. వసుంధర పైకప్పు వైపు చూసింది. "గ్రాండ్" అని, అంటే ఇక్కడివాళ్ల మాటలో 'సరే' అని, రాసుకుని వెళ్లిపోయాడు.

*

డిసెంబరులో రైఫిలు ఇంటికి వచ్చింది. బయట వాన. అక్టోబరులో మొదలైన వానే అది.

ఇక్కడ పాఠకులు కాస్త నా పక్షాన నిలబడాలి. వాల్‌నట్ కట్టె మీద చారలు చూశారా మీరు? దీపం కింద తేనెలా కదులుతాయి. అలాంటిదాన్ని కెర్రీ వానలో బురదగట్టు మీద పెట్టి కాల్చాలట. కట్టెకు తడి, ఇనుముకు తుప్పు. ఇది నమ్మకం కాదు, రసాయనశాస్త్రం. మన ఇళ్లలో కొత్త వస్తువు వచ్చిందంటే ముందు దానికి బట్ట కడతాం, ఆ తర్వాతే వాడతాం. రిమోటుకు ప్లాస్టిక్ కవరు, సూట్‌కేసుకు గుడ్డ కవరు, కారు సీటుకు కంపెనీవాడు వేసిన పాలిథీను చిరిగి పీలికలయ్యేదాకా ఉంచడం. అది ఆచారమని నాకెప్పుడూ తోచలేదు. ఆచారమైతే దాని మీద వ్యాసం రాసి ఉండేవాణ్ణి కదా.

పాత బొంత ఒకటి తీశాను. లోపలివైపు రెక్సిన్ వేసి, మూడు ఆదివారాలు కూర్చుని రైఫిలుకు గలీబు కుట్టాను. గడియకు కంత, మీటకు కంత, పైన దుర్బీనుకు కంత. గొట్టాన్నీ కట్టెనూ కలిపి చుట్టి, కింద బూటులేసులతో బిగించేలా ఏర్పాటు. కుట్టాక చూస్తే గొట్టానికీ కట్టెకూ మధ్య ఆ సందు కనిపించింది. కాగితం దూరేంత సందు. అందులోకి వాన చుక్క దిగితే ఎవడు తుడుస్తాడు? కంటికి కనబడని చోటనే కదా తుప్పు మొదలయ్యేది. నా పాత లుంగీ అంచు చింపి, పీలిక చేసి, కత్తి మొనతో ఆ సందులో ఈ చివరినుంచి ఆ చివరిదాకా నింపాను. అంత శుభ్రంగా నింపాను, కర్మాగారంలో ఎవరైనా చేసి ఉంటే అవార్డు ఇప్పించేవాణ్ణి.

చెప్పేవి హేతువాదాలు, కుట్టేవి బొంతలు.

వసుంధర వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "ఇది తుపాకీయా, పురిటిబిడ్డా?"

"తేమ, వసుంధరా."

"నేను మిక్సీకి గుడ్డ కప్పితే మధ్యతరగతి మనస్తత్వం అన్నావు."

"మిక్సీని పొలంలోకి తీసుకెళ్లం."

"తుపాకీని తీసుకెళ్తావా, లేక ముహూర్తం చూసి బారసాల చేస్తావా?"

*

జనవరిలో డోనల్ పొలంలో, ఎత్తైన మట్టికట్ట ముందు గురికాగితం పెట్టి, వంద గజాల దూరంలో నేనూ శీనూ బోర్లా పడుకున్నాం.

"ఇదేందన్నా, తుపాకికి స్వెటర్ తొడిగినవ్?" అన్నాడు శీను.

గాలిలో తేమ శాతం గురించి వివరించాను. రెండో నిమిషంలో "సరే సరే, మంచిగుంది" అని తన చవకది ఎత్తి అయిదు గుండ్లు కాల్చాడు. వెళ్లి చూస్తే అయిదూ చాయ్ కప్పు మూతి కింద దాగేలా ఉన్నాయి.

నేను కాల్చాను. మొదటిది మధ్యకు దగ్గరగానే పడింది. రెండోది కుడివైపు జరిగింది. మూడోది కాగితం అంచున తగిలింది. నాలుగోది కాగితంలో లేదు. అయిదోది ఎక్కడికి వెళ్లిందో మట్టికట్టకే తెలియాలి.

శీను నా కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. "అన్నా, ఇది కాల్చినట్టు లేదు. పెండ్లి పత్రికలు పంచినట్టుంది. ఊరంత పంచినవ్."

"కొత్త తుపాకీ. సర్దుకోవాలి."

"నాది సుత కొత్తదే గదనే."

ఆరోజునుంచి నా జీవితంలో శాంతి లేదు. నోటుబుక్కు పెట్టాను. నాలుగు రకాల తూటాలు మార్చాను. ఊపిరి బిగబట్టి కాల్చాను, వదిలి కాల్చాను. టీ తాగి, తాగకుండా. గాలి పడమర నుంచి, గాలి దక్షిణం నుంచి. ఏ చొక్కా వేసుకున్నానో కూడా రాశాను, భుజం దగ్గర మడత ఏమైనా అడ్డుతోందేమోనని. ఒకనాడు ఏ గంటకు కాల్చితే ఎలా ఉందో పట్టిక వేస్తుంటే వసుంధర వచ్చి చదివింది.

"రాహుకాలం చూసుకుంటున్నావా?"

"కాదు. వెలుతురు కోణం."

"మంగళవారం మూడు నుంచి నాలుగున్నర వదిలేశావు."

"అప్పుడు మీటింగ్ ఉంది."

నలభై పేజీల నోటుబుక్కు. అందులో లేని విషయం లేదు, తొడుగు తప్ప. తొడుగు పరీక్షించవలసిన సంగతి కాదు కదా. అది తొడుగు. పైగా గురి తప్పిన ప్రతిసారీ, ఏదో వదులైందని ఆ లేసులు ఇంకాస్త బిగించాను. పిచ్చి కుదిరింది, లేసు ఇంకో ముడి వెయ్యమన్నట్టు.

శీను జాలిపడ్డాడు. అతని జాలి అతని ఎగతాళి కంటే ఘోరం. "అన్నా, తప్పుగ అనుకోకు. ఒక్క నిమ్మకాయ కట్టి చూస్తవా? ఎవ్వలకు చెప్ప."

రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. కోపం అతని మాట మీద కాదు. ఆ మాట వినగానే, ఇంట్లో నిమ్మకాయలున్నాయా అని నా మనసు ఒక్క క్షణం ఫ్రిజ్ దాకా వెళ్లొచ్చింది. ఆ క్షణాన్ని నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు. నేను కాల్చలేక గొట్టం వంకర అన్నాను. ఊరికే అనలేదు, నాలుగు పేజీల ఉత్తరంలో అన్నాను. నోరీన్‌కు రాశాను. "ధరను నాణ్యతకు రుజువుగా చూపే మీ వర్తక మతానికి నేను బలైపోయాను" అనేది అందులో మెత్తని వాక్యం.

మార్చి మొదటివారంలో డోనల్ గొర్రెలు ఈనడం మొదలుపెట్టాయి. మూడో రోజున ఒక పిల్ల పోయింది. అయిదో రోజున ఇంకొకటి. డోనల్ మా గేటు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ వాన గురించి మాట్లాడే మనిషి ఈసారి వాన ఊసెత్తలేదు.

"శనివారం పొద్దున. మీ ఇద్దరూ నా కళ్లముందు అయిదేసి గుండ్లు కాల్చండి. ఇక ఆగలేను."

*

శనివారం పొద్దున పొలంలో డోనల్, నేను, శీను, చూడ్డానికని వసుంధర. గట్టుకు అవతల గొర్రెలు. ఇంతలో గేటు దగ్గర కారు ఆగింది. నోరీన్ దిగింది. చేతిలో నా ఉత్తరం.

"నాలుగు పేజీలు" అంది. "నా మొగుడు కూడా నాకెప్పుడూ ఇంత పొడుగు ఉత్తరం రాయలేదు. వంకర గొట్టం ఎలా ఉంటుందో చూసిపోదామని వచ్చాను."

శీను పడుకుని కాల్చాడు. మళ్లీ చాయ్ కప్పు. డోనల్ తలూపాడు.

నేను కాల్చాను. మళ్లీ పెళ్లిపత్రికలు. ఒకటి శీను కాగితంలో పడింది. డోనల్ చేతిని కోటు జేబులోకి పోనిచ్చాడు. నా అనుమతిని రద్దుచేసే కాగితం అందులో ఉందని ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. మళ్లీ వాన గురించి పలకరింపులకు, అంతకు మించి ఏమీ లేని రోజులకు వెళ్లిపోతున్నాను.

నోరీన్ వంగి నా రైఫిలును చూసింది. "దీనికి చుట్టిన ఇదేమిటి?"

"నోరీన్" అన్నాడు డోనల్ కంగారుగా, గొంతు తగ్గించి. "ఊరుకో. అడక్కూడదు. అది వాళ్ల మతానికి సంబంధించింది."

గట్టుకు అవతల గొర్రెలు గడ్డి నమలడం వినిపించింది.

"రెండు నెలలుగా చూస్తున్నాను" అన్నాడు డోనల్ మర్యాదగా నా వైపు తిరిగి. "ఆ ముడులన్నీ వేయడం, ప్రతిసారీ కాల్చాక ఇంకో ముడి వేయడం. ఏదో మొక్కు అనుకున్నాను. ఒకరి నమ్మకాన్ని ప్రశ్నించడం మా ఇంట్లో నేర్పలేదు."

వసుంధర రాతిగోడ మీద కూర్చుండిపోయింది. మొహం శాలువాలో దాచుకుంది. శాలువా అదురుతోంది. శీను మట్టికట్ట వైపు తిరిగి, దాన్ని తీవ్రంగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

పాతికేళ్లు. పాతికేళ్లు మతం మీద రాసిన చెయ్యి ఇది.

"మతం కాదు" అన్నాను. "తేమ."

"మతం కానప్పుడు విప్పొచ్చుగా" అంది నోరీన్, గడియ వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూసుకుని. లేసులు కోసింది. బొంత విప్పింది. రెక్సిన్ విప్పింది. జేబులోంచి కాగితం ముక్క తీసి సందులో పెట్టబోయింది. కాగితం దూరలేదు. వంగి చూసింది. గోటితో ఏదో పట్టుకుని లాగింది. నీలిగళ్ల పీలిక రావడం మొదలైంది. వస్తూనే ఉంది. పాములవాడి బుట్టలోంచి వచ్చినట్టు, మూరెడు దాటినా ఇంకా వస్తోంది.

"ఇది కూడా మతం కాదా?"

"లుంగీ" అంది వసుంధర శాలువాలోంచి.

నోరీన్ ఆ పీలికను గడ్డి మీద పరిచి నిలబడింది. "సెప్టెంబరులో ఒక వాక్యం మొదలుపెట్టాను. ఇప్పుడు పూర్తిచేయవచ్చా?"

నేను తలూపాను.

"ఈ సందు ఎందుకంటే, కాల్చినప్పుడు గొట్టం అదురుతుంది. ప్రతిసారీ ఒకేలా అదరాలి. దానికి ఏదీ తగలకూడదు, ఏదీ నొక్కకూడదు. నొక్కితే గుండు దాని ఇష్టం వచ్చినచోటికి పోతుంది. ఇదే చెప్పబోయాను. మీరు ఉంగరాల గురించి చెప్పారు."

బట్టలూడిన రైఫిలును తీసుకుని పడుకుని అయిదు గుండ్లు కాల్చాను. శీను పరుగెత్తుకెళ్లి కాగితం తెచ్చాడు. అయిదు రంధ్రాలు లేవు. ఒకటే చిరుగు, బొటనవేలు పట్టేంత.

"శీనూ" అన్నాను మెల్లగా, "నీ దానికి నువ్వెందుకు తొడుగు వేయలేదు?"

"సస్తా మాలుకు తొడుగెందుకన్నా? తడుస్తే తడ్వనీ."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ముప్పై ఒక్క గళ్ల పట్టికను చింపేశాను. అందులో అసలు గడి ఒకటి లేదు. ఈ వస్తువును దాని మానాన వదిలేయగల ధైర్యం కొనేవాడికి ఉందా అనే గడి. చవకదాన్ని కొంటే వాడతాం. ఖరీదైనదాన్ని కొంటే కాపలా కాస్తాం. నేను ఎక్కువ ధర పెట్టి రైఫిలును కొన్నాను, తర్వాత దాన్నుంచి నక్కను కాపాడాను.

కానీ అంతకుముందే, పొలంలో, డోనల్ ఆ చిరుగును వేలితో తడిమి చూశాడు. జేబులోంచి చెయ్యి ఖాళీగానే బయటికి తీశాడు. "రేపు తెల్లవారుజామున రా. మొదటి గుండు నీది. నీది తప్పితే అతనిది" అని శీను వైపు చూపించాడు.

*

మర్నాడు తెల్లవారుతుండగా రాతిగోడ వెనక ముగ్గురం నక్కి కూర్చున్నాం. మధ్యన డోనల్, నాకు కుడివైపున. గొర్రెలు పిల్లల్ని పక్కన వేసుకుని పడుకున్నాయి. రైఫిలు గోడ మీద ఆనించి ఉంది, నగ్నంగా, వాల్‌నట్ చారలతో.

నక్క వచ్చింది. మట్టికట్ట ముందునుంచే, తొందరలేని నడకతో. ఎనభై గజాలు ఉంటుంది. వెనక కట్ట ఉంది, పక్కన ఏ గొర్రే లేదు. ఇంతకంటే సులువైన గురి క్లబ్బులో కూడా ఇవ్వరు.

"ఊఁ" అన్నాడు డోనల్.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. మొదటి చుక్క కట్టె మీద పడింది. రెండోది గొట్టం మీద.

ఆ తర్వాత జరిగినదానికి నా బుద్ధి బాధ్యత వహించదు. అది నా చేతుల పని. నాకు తెలిసేసరికి నా వానకోటు నా ఒంటి మీద లేదు. రైఫిలు మీద ఉంది. నేను దాని అంచులు కిందకి దోపుతున్నాను. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నక్క ఆగి నా వైపు చూసింది. నా జీవితంలో ఏ ప్రత్యర్థీ నన్ను అంత నిదానంగా చూడలేదు.

డోనల్ నిట్టూర్చి శీను భుజం తట్టాడు. శీను చవక తుపాకీ గరుకు గడియ కిరకిరలాడింది. ఒక్క చప్పుడు. నక్క పడిపోయింది.

శీను నోరు తెరిచి, నా మొహం చూసి, మూసుకున్నాడు. అతని జీవితంలో అది మొదటిసారి.

డోనల్ లేచి, గోడ దాటి, రాత్రి పుట్టిన పిల్లనొకదాన్ని ఎత్తుకొచ్చాడు. తడిసి వణుకుతోంది. దాన్ని నా ఒళ్లో పెట్టాడు.

"అతను నక్కల్ని చూసుకుంటాడు" అన్నాడు. "నీ ఉత్తరం నీ దగ్గరే ఉండనీ, కుందేళ్ల పేరు మీద. వాటికి నీవల్ల ప్రమాదమేమీ లేదు. కానీ నువ్వు రోజూ రావాలి. ఇలాంటి వానలో పుట్టిన పిల్లలకు చలి తగలకుండా ప్లాస్టిక్ కోట్లు తొడగాలి. నా వేళ్లు వంగడం లేదు. నలభై గొర్రెలున్నాయి. ఈ పనికి నీకంటే తగినవాడు ఈ కౌంటీలో నాకు దొరకడు."

నలభై మూడు పిల్లలకు తొడిగాను. ఒక్కటీ చలికి పోలేదు.

అందుచేత, నేను, ప్రభాకర్ అనే హేతువాదిని, పూర్తి స్పృహతో, ఏ దేవుడి మీదా ప్రమాణం చేయకుండా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నేను ఏ వస్తువునూ ధర చూసి దాచను, వాన చూసి చుట్టను. ఏ సందు కనిపించినా లుంగీ చింపను. ఎవరైనా వాక్యం మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా, అది ఎంత తప్పుడు వాక్యమైనా సరే, నోరు మెదపను. ఈ ప్రతిజ్ఞను తెల్లకాగితం మీద రాసి సంతకం చేశాను. సాక్షి సంతకం వసుంధరది. తడవకుండా లామినేషన్ చేయించాను.